ఫోన్ బోర్లా పెట్టిన సోమవారం

నాకు భయపడటం నేర్పింది ఒక నవలా రచయిత్రి. పుట్టుకతో నేను భయస్తురాలిని కాదు. నర్సింహులపేట దగ్గరి మా తండాలో తేలు కనబడితే చెప్పుతో కొట్టి పారేసే పిల్లను. జనగామలో డిగ్రీ చదివేటప్పుడు, హాస్టల్ గదిలో నాకన్నా ముందున్న అమ్మాయి మంచం కింద వదిలేసి పోయిన నవల ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పన్నెండు పేజీలు లేవు. పొద్దున టిఫిన్‌కు ముందు తెరిచి, ఆ రోజు క్లాసులన్నీ ఎగ్గొట్టి సాయంత్రానికి పూర్తిచేశాను. చివర్లో చనిపోయిన మనిషి కోసం బాత్రూంలో నల్లా తిప్పి పెట్టి ఏడ్చాను. ఆ తర్వాత ఆమె రాసినవి ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకున్నాను. మహబూబాబాద్ బస్టాండు దగ్గర పాత పుస్తకాలాయనకు నా మొహం గుర్తే. నేను దిగంగానే, ఆమె పుస్తకం ఉంటే తీసి పైన పెట్టేవాడు.

ఆమె పద్ధతి నాకు కంఠతా వచ్చేసింది. ఆమె నవలలో ఎవరైనా ఉన్నట్టుండి బాగా నవ్వుతున్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. తమ వస్తువేదైనా ఇంకొకరికి ఇచ్చి "నువ్వే ఉంచుకో" అన్నారంటే ఇంక నాలుగైదు పేజీలే. తెలిసి కూడా ప్రతిసారీ ఏడ్చేదాన్ని. మా తెలుగు సారు ఒకసారి నా చేతిలో పుస్తకం చూసి "ఈ ఏడుపు నవలలు మానేసి మంచి సాహిత్యం చదువు" అన్నాడు. సారు చెప్పినవీ చదివాను. బాగానే ఉన్నాయి. అవి చదివాక ఆకలేసి అన్నం తిన్నాను. ఈమెను చదివాక అన్నం దిగేది కాదు. ఏది గొప్పదో సారుకే తెలియాలి. ఏది నన్ను పట్టుకుని వదలలేదో నాకు తెలుసు.

చిక్కేమిటంటే, పుస్తకం మూసినా ఆ లెక్కలు నన్ను వదిలేవి కావు. బాపు ఏ రోజైనా కొంచెం హుషారుగా కనబడితే నాకు గుండెదడ. మా ఇంటి భాష వేరు, అందులో నాన్నను బాపు, అమ్మను యాడి అంటాం. ఒకసారి యాడి తన వెండి కడియం తీసి "కొన్నాళ్లు నువ్వు తొడుక్కో" అంటే, వద్దంటే వద్దని పెద్ద గొడవ చేశాను. ఎందుకో చెప్పలేదు. చెబితే నవ్వేది.

అక్క ఇంట్లోంచి వెళ్లిపోయిన రోజు మాత్రం ఏ సూచనా అందలేదు. అక్క జనగామ దగ్గర పత్తి మిల్లుకు సీజన్ పనికి పోయేది. అక్కడే చిట్యాల అబ్బాయితో పరిచయమైంది. మా తండా వాడు కాదు, మా మాట రాదు. పెళ్లి చేసుకున్నాకే ఫోన్ చేశారు. బాపు ఫోన్ పెట్టేసి, కంచం ముందు కూర్చొని, "ఆమె పేరు ఈ ఇంట్ల ఎవలన్న ఎత్తితే నా పీనుగను చూస్తరు" అన్నాడు. అరిచి ఉంటే అంత భయపడేవాళ్లం కాదు. అన్నం కలుపుకుంటూ అన్నాడు. తోటకు కొట్టే మందు డబ్బాలు మా ఇంట్లోనే ఉండేవి. బాపు అటు పోగానే యాడి వాటిని కొంగు కింద పెట్టుకొని తీసుకుపోయి పెద్దమ్మ వాళ్ల కొట్టంలో దాచింది.

రెండేళ్లు ఆ పేరు మా ఇంట్లో వినబడలేదు. నేను టీచర్ పరీక్షకు చదువుకుంటానని ఇంటికే వచ్చేశాను. అక్క నంబరు నా ఫోన్‌లో 'లైబ్రరీ మేడం' అని దాచుకున్నాను. లైబ్రరీ మేడం ఫోన్ చేస్తే దాబా ఎక్కి మాట్లాడేదాన్ని. యాడి ఏమీ అడిగేది కాదు. అడిగితే ఎక్కడ పేరు నోట్లోంచి జారుతుందోనని ఆమెకూ భయమే.

అప్పుడే నా రచయిత్రి కొత్త నవల ఫోన్‌లో భాగాలుగా రావడం మొదలైంది. సోమవారానికి ఒక భాగం. సిగ్నల్ దాబా మీదే అందుతుంది కాబట్టి అక్కడే చదివి, కళ్లు తుడుచుకుంటూ దిగేదాన్ని. యాడికి చదువు రాదు. "ఎందుకేడుస్తున్నవే?" అని అడిగింది. చెప్పాను. అట్లా మొదలైంది. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీసుకుంటూ, ఫోన్ చేతిలో పట్టుకొని, తెలుగులో ఉన్నదాన్ని మా భాషలోకి మార్చి చెప్పేదాన్ని. ఒక్క మాట కూడా తప్పిపోకూడదని నాకు పిచ్చి పట్టుదల. మా భాషలో లేని మాట వస్తే, దానికి సరిపోయేది దొరికేదాకా కథ ఆపేసేదాన్ని. ఆమె రాసినదాంట్లో చెయ్యి పెట్టడానికి నేనెవరిని? బాపు మంచం మీద వెల్లకిలా పడుకొని కళ్లు మూసుకునేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

కథలోని పిల్ల కూడా ప్రేమించినవాడితో ఇల్లు విడిచి పోయిందే. ఆమె మొగుడు బ్యాంకులో పనిచేస్తాడు, మేడలో ఉంటారు. ఒకరోజు కథ మధ్యలో యాడి, "మరి ఆ పిల్ల ఇంట్ల బియ్యం ఉన్నయా?" అని అడిగింది. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో బియ్యానికేం తక్కువ? తలెత్తి చూశాను. యాడి నా మొహం చూడటం లేదు. తొడిమ తీసేసిన కాయనే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. నేను ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టాను. "ఉన్నయి యాడీ. ఆయన పంచర్ షాపు పెట్టుకున్నడు. మంచిగనే నడుస్తున్నది" అన్నాను. యాడి ఊపిరి వదిలింది. బాపు అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయిపోయింది. ఒకరితో ఒకరం అనుకోలేదు. ఫోన్ నా చేతిలో ఉంటే అది నవల. చాప మీద బోర్లా ఉంటే అది అక్క. "ఆ పిల్ల పచ్చ చీర కొన్నది", "ఆ పిల్లకు వాళ్ల అత్త చెవుల కమ్మలు పెట్టింది", "ఆ పిల్లకు మూడో నెల". మూడో నెల అన్నప్పుడు యాడి మిరపకాయల చేట పక్కకు పెట్టి లోపలికి పోయి, కాసేపటికి మొహం కడుక్కొని వచ్చింది. బాపు ఎదురుగా ఉండగానే ఇదంతా. తెలిస్తే ఏం చేసుకుంటాడోనని, ఫోన్ బోర్లా పెట్టిన ప్రతిసారీ మంచం వైపు చూసేదాన్ని.

ఏడో నెలలో అక్కకు బీపీ ఉందన్నారు. ఉప్పు తగ్గించమని, సోమవారం సోమవారం వచ్చి చూపించుకొమ్మని చెప్పారట. అది యాడికి చెప్పాను. అదే వారం నవలలో పిల్లకు కూడా నెలలు నిండుతున్నాయి. ఆమె ఆ భాగమంతా నవ్వుతూనే ఉంది. పక్కింటామెకు తన గాజులిచ్చి "నువ్వే ఉంచుకో" అంది. మూడు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసి, "నా జాకెట్లు నాకు పడుతలేవు, నీకు పంపుత. నువ్వే ఉంచుకో" అని నవ్వింది. ఎందుకే అట్ల నవ్వుతున్నవు అని కసిరి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక, అట్లా కసిరినందుకు ఇంకా భయమేసింది.

ఆ సోమవారం పొద్దున దాబా మీద కొత్త భాగం తెరిచాను. పిల్ల బీపీ ఎక్కువై కాన్పులో చనిపోయింది. కబురు అందుకున్న తల్లి, బిడ్డకిష్టమైన నువ్వుల లడ్డూలు మూట కట్టుకొని వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ మూట విప్పకుండా తల్లి ఎట్లా కూర్చుందో ఆమె రెండు పేజీలు రాసింది. నేను దాబా మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మెట్లు దిగి వచ్చి చాప మీద కూలబడ్డాను.

"ఏమైంది ఆ పిల్లకు?" అంది యాడి.

ఫోన్ పట్టుకోలేకపోయాను. ఆ పేజీ మళ్లీ కళ్లబడటం కూడా ఇష్టం లేక బోర్లా పెట్టేశాను. కళ్లు మూసుకొని, "పోయింది యాడీ. బీపీ ఎక్కువై కాన్పుల పోయింది" అన్నాను. ఆమె రాసినట్టే కాన్పు సంగతంతా చెప్పుకుంటూ పోయాను, తల్లి మూట సంగతి మాత్రం నోట రాలేదు. ఆ రెండు పేజీలు తప్ప నా తలలో ఇంకేమీ లేదు. కళ్లు తెరిచేసరికి యాడి చేతులు మిరపకాయల్లో అట్లాగే ఉండిపోయాయి. తర్వాత కొంగు మొహం మీదికి లాక్కొని రాగం అందుకుంది.

మా ఆడవాళ్లు ఏడిస్తే రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తూ, ఏమేం చేసిందో, ఏమేం తినేదో పాటలో చెప్పుకుంటారు. ఆ రాగం చెవిన పడితే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి రావాలి, మెడ చుట్టూ చెయ్యి వేసి గొంతు కలపాలి. ముందు ఏడవాలి, ఎవరి కోసమో తర్వాత అడగాలి. రెండేళ్లుగా మింగిన పేరు యాడి నోట్లోంచి అంత పొడుగు రాగంతో వస్తుంటే నాకు మొదట అర్థమే కాలేదు. అర్థమయ్యాక చాప మీది ఫోన్ వైపు చూశాను.

"యాడీ, కథ అది. అక్క కాదు" అని భుజాలు పట్టుకొని ఊపాను. నా మాట ఎవరికి వినబడుతుంది? అప్పటికే పెద్దమ్మ వచ్చేసింది, ఆమె వెనుక ఇంకో నలుగురు. చూస్తుండగానే వాకిలి నిండిపోయింది. యాడి కారం చేతులతో కళ్లు తుడుచుకుంటోంది. కళ్లు మండి ఇంకా ఏడుస్తోంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఎవరి మొహం మీద పోయాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడు బాపు వచ్చాడు. మిరప తోటకు మందు కొట్టి వస్తున్నాడు, పంపు ఇంకా వీపు మీదే ఉంది. వాకిట్లోకి రాకముందే పేరు విని ఉంటాడు. నేను ఆయన మొహం చూడలేదు. ఆ పంపులో ఇంకా మందు మిగిలి ఉందా అని దాన్నే చూస్తున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఆ క్షణంలో నాకు అక్క గురించి కాదు, ఆ పంపు గురించే భయం. బాపు దాన్ని నెమ్మదిగా దించి నేల మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు.

పంపును కాలితో దూరంగా జరిపి, అందరి ముందూ చెప్పేశాను. లైబ్రరీ మేడం సంగతి, బోర్లా పెట్టే సంగతి, అన్నీ. "అక్క మంచిగనే ఉన్నది బాపు. పోయింది కథల పిల్ల." బాపు తిట్టలేదు. "ఫోన్ చెయ్" అన్నాడు.

స్విచాఫ్. మళ్లీ చేశాను, స్విచాఫ్. బావకు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను.

రాగాలు ఆగిపోయాయి. అందరూ నా చేతిలోని ఫోన్‌నే చూస్తున్నారు. యాడి కొంగు తీసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవు" అంది. "నువ్వు బోర్ల పెట్టి ఎన్నడు కథ చెప్పలే."

ఆ మాట నిజమే. అంతకన్నా ఘోరం, నాకే నమ్మకం పోవడం మొదలైంది. బీపీ నిజం. నవ్వింది నిజం. నువ్వే ఉంచుకో అన్నదీ నిజం. ఆమె నవలల్లో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

తండాలో ఒకాయన ఆటో మాట్లాడుకొని బయలుదేరాం. డ్రైవర్ పక్కన బాపు, వెనుక యాడి, నేను. ఎక్కేముందు యాడి ఇంట్లోకి పోయి ఒక చిన్న మూట తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. "ఏంది యాడీ అది?" అన్నాను. "నువ్వుల లడ్డూలు" అంది. అక్కకు ఇష్టమని సంక్రాంతి పిండివంటలప్పుడే చేసి ఎవరికీ కనబడకుండా దాచిందట. నవలలో తల్లి తెచ్చిందీ ఇదే మూట. అది ఇక్కడే పెట్టి పోదామని ఎట్లా చెప్పను? చెబితే ఎందుకని అడుగుతుంది. తొర్రూరు దాటేదాకా ఆ మూట వైపు చూడకుండా రోడ్డు చూశాను.

ప్రతి పది నిమిషాలకూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. వర్ధన్నపేట దగ్గర నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. డ్రైవర్ దగ్గరున్న వైరు పిన్ను నా ఫోన్‌కు పట్టలేదు. బాపు తన చిన్న ఫోన్ వెనక్కి అందించి "దీంట్ల కొట్టు" అన్నాడు. నంబరు నాకు నోటికి రాదు. బాపుకు దొరక్కుండా దాచడంలో ఎంత జాగ్రత్తపడ్డానంటే, ఎక్కడా రాసి కూడా పెట్టుకోలేదు. ఆ మాట చెబితే బాపు ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. యాడి అప్పుడప్పుడు గొంతులోనే రాగం లాగుతోంది. ఆపేస్తోంది. మళ్లీ లాగుతోంది.

పరకాల బంకులో ఆటో ఆగింది. డ్రైవర్ దిగాడు. బాపు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ రాసినామె మన పిల్లను ఎరుగునా?"

"ఎరుగదు బాపు."

"మరి ఎట్ల రాసింది?"

నేను డిగ్రీ చదివాను. ఆమె రాసినవన్నీ చదివాను. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎక్కడా చదవలేదు. "ఇల్లు ఇడిసి పోయిన పిల్ల ఉన్నది, తల్లి ఉన్నది. నాయిన ముచ్చటే ఎన్నడు చెప్పవైతివి" అన్నాడు మళ్లీ. అంటే ఇన్నాళ్లూ వింటున్నాడు. ఆ నవలలో తండ్రి లేడని చెప్పాను. బాపు తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు.

చిట్యాలలో బావ షాపు వెతకడం కష్టం కాలేదు. రోడ్డు మీదే ఉంది, ముందు పాత టైర్లు పేర్చి ఉన్నాయి. తాళం వేసి ఉంది. పక్క కొట్టు ఆయన బయటికి వచ్చి, "పొద్దుగాలనే భార్యను దవాఖానకు తీస్కపోయిండు. ఇంక రాలే" అన్నాడు. ఆయనకు ఇంకేమీ తెలియదు. బాపు షాపు షట్టర్ పట్టుకొని నిలబడిపోయాడు. డ్రైవరే వచ్చి చెయ్యి పట్టుకొని ఎక్కించాడు. అక్క చూపించుకునే సోమవారం ఇదేనని కూడా నాకు తట్టలేదు. ఒకటే అనుకుంటున్నాను: ఇది నేను చదివేశాను, తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు.

ఆటో దవాఖాన గేటులోకి తిరిగింది. సిమెంటు బెంచీ మీద ఒక లావుపాటి మనిషి కాళ్లు చాపి కూర్చొని జామకాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకొని తింటోంది. ఉప్పు తినొద్దన్నారు కదా అని ముందు కోపం వచ్చింది. ఆ కోపం వచ్చాకే అది మా అక్క అని తెలిసింది.

నేను నోరు తెరిచేలోపే, ఆటో ఆగకముందే యాడి దిగింది. అక్క చూసింది. చేతిలో కాగితం కింద పడిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని లేచి, రెండు అడుగులు వేసి, రాగం అందుకుంది. చాలా రోజులకు కలుసుకున్నా మా ఆడవాళ్లు అట్లాగే ఏడుస్తారు. చావుకూ కలయికకూ మాకు ఒకటే రాగం, మాటలే వేరు. రెండేళ్లుగా ఆ ఊరిలో అక్కకు గొంతు కలిపేవాళ్లు ఎవరూ లేరు. ఇద్దరూ మెడలు కావలించుకొని తలలు ఆనించుకొని ఏడుస్తుంటే, నేను ఆటో చక్రం పక్కనే కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

దవాఖానలో ఏడుపు వినబడితే జనం ఏమనుకుంటారు? మందుల వరసలో ఉన్నవాళ్లు, లోపలి రోగుల తాలూకు మనుషులు, అందరూ వచ్చేశారు. ఒక ముసలవ్వ అప్పటికే కళ్లొత్తుకుంటూ "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడుగుతోంది. బావ చీటీల కట్ట పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. వరసలో నిలబడ్డప్పుడు ఆయన ఫోన్ సప్పుడు తీసేసి జేబులో వేసుకున్నాడట. అక్క ఫోన్ ముందురోజు నీళ్ల బకెట్లో పడిందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆయన బాపును చూసి అక్కడే ఆగిపోయాడు.

బాపు ఆటో వెనుక నుంచి వచ్చాడు. "ఎవలు పోలే అవ్వా" అన్నాడు. "మా దిక్కు కలిసినా గిట్లనే ఏడుస్తరు."

నర్సు గుంపును తోసుకుంటూ వచ్చి అందరి మీదా కేకలేసింది. "బీపీ ఉన్న మనిషిని గిట్ల ఏడిపిస్తరా? పొద్దున ఎక్కువున్నదనే కదా కూసోబెట్టినం. నడువమ్మా లోపలికి, మళ్ల చూడాలె." అక్కను బల్ల దగ్గర కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది. యాడి మూట విప్పకుండా పట్టుకొని తలుపు దగ్గర నిలబడింది. పట్టీ బిగుస్తుంటే నేను ఆ యంత్రం వైపు చూడలేక గోడ వైపు తిరిగాను. నర్సు అంకె చూసి పెదవి విరిచి, ఈ వారమంతా కదలకుండా పడుకోవాలంది. భయం ఎక్కడికీ పోలేదు, ఇంకా రెండు నెలలు ఉంది.

నర్సు రిజిస్టర్ ముందుకు లాక్కుంది. "పేరు?"

బావ నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు బాపు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు, ఆ ఇంటిపేరు మాది. బయట జనం ఇంకా గోలగోలగా ఉన్నారు, నర్సుకు సరిగా వినబడలేదు. మళ్లీ అడిగింది. బాపు బల్ల దగ్గరికి జరిగి, ఈసారి ఇంకొంచెం గట్టిగా చెప్పాడు.